బల్లకు ముందు అడిగే ప్రశ్న

ఇప్పుడు మా చర్చిలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారం, ఉందంటే శనివారం పొద్దున ఫోనుకు మెసేజి వస్తుంది. రేపు సంస్కారం, అందరూ సిద్ధపడి రండి అని రాసి, కింద జోడించిన చేతుల బొమ్మ పెడతారు. నేను పెద్దరికం నుంచి దిగిపోయాను కాబట్టి అందరిలాగే ఆ బొమ్మకు ఇంకో బొమ్మ పంపి ఊరుకుంటాను. మా కాలంలో ఆ పని కాళ్ళతో చేసేవాళ్ళం.

సిరిసిల్లలో మా సంఘం చిన్నది. ఊళ్ళోవాళ్ళు దాన్ని పెద్దల చర్చి అంటారు. ప్రెస్బిటీరియన్ అన్న మాటకూ దాదాపు అదే అర్థం. మాకు బిషపు లేరు. అయ్యగారు వాక్యం చెప్తారు, సంస్కారం ఇస్తారు. సంఘాన్ని నడిపేది మాత్రం సభ్యులు చీటీలేసి ఎన్నుకున్న పెద్దలు, అయ్యగారితో కలిసి కూర్చుని. మా తాతల నాడు అయ్యగారు ఎప్పుడో ఒకసారి ఎడ్లబండి మీద వచ్చేవారట. మిగతా ఆదివారాలన్నీ నేతపని చేసుకునే పెద్దలే నడిపారు. మా తాత మగ్గం గుంటలో కూర్చుని కీర్తన ఎత్తుకుంటే పక్కింటి మగ్గం మీదివాళ్ళు రెండో చరణం అందుకునేవారని మా నాయన చెప్పేవాడు.

బల్ల ఏడాదికి నాలుగుసార్లే. దానికి ముందు వారం పెద్దలు ఇల్లిల్లూ తిరగాలి. అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎవలతోనన్న మాటపట్టింపు ఉన్నదా?" లేదంటే చేతిలో చిన్న ఇత్తడి బిళ్ళ పెట్టేవాళ్ళం. ఆదివారం ఆ బిళ్ళను గుమ్మం దగ్గరి పళ్ళెంలో వేసి బల్లకు రావాలి. ఉన్నదంటే, పోయి సమాధానపడి వచ్చేదాకా బిళ్ళ లేదు. పెద్దలకూ ఇదే నియమం. ఒక పెద్దను ఇంకో పెద్ద అడగాలి.

ఆ తిరుగుడు నాకెంత ఇష్టమో చెప్పలేను. ఎవరింట్లో జ్వరం, ఎవరింట్లో కొత్త కోడలు, అన్నీ ఆ వారంలోనే తెలిసేవి. రాత్రికి డైరీలో రాసుకునేవాణ్ణి. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచే ఇళ్ళల్లో ఆ చప్పుడుకు నా ప్రశ్న వినపడేది కాదు. "ఏందీ?" అని వాళ్ళు అరిచేవాళ్ళు, నేనూ అరిచి అడిగేవాణ్ణి. వాళ్ళ మాటపట్టింపు గల్లీ మొత్తానికి తెలిసిపోయేది.

నేను పెద్దగా ఉన్న చివరి కాలంలో ముగ్గురం ఉండేవాళ్ళం. ఒకాయన మరమగ్గాల యజమాని, ఆసామి అనేవాళ్ళం. ఇంకొకాయన రిటైరైన హెడ్మాస్టరు, మాకందరికీ సారు. ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు. వరసకు ఏమీ కాకపోయినా చిన్నప్పటి నుంచి ఒకరినొకరు బావా అనుకునేవారు. ఆదివారం పని ఆపడం మా విశ్వాసంలో గట్టి మాట. ఆసామి సాంచాలు శనివారం సాయంత్రం ఆగితే మళ్ళీ సోమవారమే మొదలయ్యేవి. ఒక సంవత్సరం చీరల ఆర్డరు పెద్దది వచ్చి, గడువు దగ్గరపడి, రెండు ఆదివారాలు నడిచాయి.

పెద్దల సభలో, జగిత్యాల నుంచి వచ్చిన అయ్యగారి ముందు, సారు లేచి ఆ సంగతి ఎత్తాడు. గోడ అవతలి చప్పుడుకు చర్చికొచ్చే ముందు ప్రార్థన కూడా చేసుకోలేకపోయానన్నాడు.

ఆసామి నెమ్మదిగా అడిగాడు: "బావా, నీకు పింఛను నెల మొత్తానికి వస్తదా, ఆదివారాలు కోసుకొని వస్తదా?"

అయ్యగారికి నవ్వు ఆగలేదు. ఆ నవ్వే కొంప ముంచింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

బల్ల వారం వచ్చింది. నేను ఆసామి షెడ్డుకు పోయి అడిగాను.

"ఉన్నది," అన్నాడు. "రాసుకో నీ డైరీల."

పక్కింటికి పోతే సారు కూడా అదే మాట. "ఉన్నదన్నా. లేదని అబద్ధమాడి బిళ్ళ తీసుకుంటనా?"

వేరేవాళ్ళయితే లేదని ఒక్క మాట అనేసి గండం గడుపుకునేవారు. మావాళ్ళకు అది చేతకాదు. నిజం చెప్పి ఇద్దరూ ఆగిపోయారు. బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం అందించడానికి కనీసం ఇద్దరు పెద్దలుండాలని మా నియమం. మిగిలింది నేనొక్కణ్ణి. కోరుట్ల సంఘం పెద్దకు ఫోను చేసి సాయం రమ్మన్నాను. ఆయన నాకంటే పెద్దవాడు.

"వస్తగని తమ్మీ," అన్నాడు, "మీ పెద్దలిద్దరు ఎనక బెంచీల మూతి ముడుసుకొని కూసుంటే, నేను రొట్టె పట్టుకొని ఎవల మొఖం సూడాలె? ముందు ఇల్లు సక్కవెట్టుకోండ్రి."

బల్ల ఆగితే అందరికీ లోటే. కానీ ఒక ఇంటికి అది మామూలు లోటు కాదు. బోయినపల్లి వైపు నుంచి వచ్చిన కోడలు ఒకామె ఉండేది. భర్త దుబాయిలో పని. ఆమె చాటలో బీడీ ఆకు పెట్టుకుని, పక్కన ప్రశ్నోత్తరాల పుస్తకం తెరిచి, ఏడాదిపాటు నేర్చుకుని బల్లలో చేరింది. అతని సెలవు ఎప్పుడూ బల్ల ఆదివారంతో కలవలేదు. భార్యాభర్తలు ఒక్కసారీ కలిసి బల్లకు కూర్చోలేదు. ఈసారి కలిసింది. సోమవారం అతని ప్రయాణం.

శనివారం సాయంత్రం సిద్ధపాటు కూడిక. ఇద్దరు పెద్దలూ వచ్చి చెరో చివర కూర్చున్నారు. అయ్యగారు లేచి, పెద్దలు సరిపోక రేపు బల్ల లేదని చెప్పబోయారు. అంతలో ఆ కోడలు నిలబడింది.

"అయ్యగారూ, ఒక మాట. మా ఇద్దరికి బిళ్ళలు సారే ఇచ్చిండు. మా ఆయన దుబాయిల ఆదివారం సుత పనికి పోతడు. సారు అడుగలే, మేం జెప్పలే. మరి ఈ బిళ్ళలు వాపసియ్యాల్నా?"

"ఊకో," అని భర్త ఆమె కొంగు లాగాడు. ఆమె ఊరుకోలేదు. అరచెయ్యి చాపి అలాగే నిలబడింది.

సారు లేచాడు. "నీది వేరు బిడ్డా. అక్కడ సేఠు రమ్మంటే పోవాలె. మీ ఆయన చేతుల ఏమున్నది?"

చివరి బెంచీ నుంచి ఆసామి గొంతు వినపడింది. "నా పనోళ్ళ చేతుల సుత ఏం లేకుండె."

అందరం వెనక్కి తిరిగాం.

"వాళ్ళు ఆదివారం రామన్నరు. రాకుంటే సోమవారం పని ఉండదన్న. గడువు నాకుండె, భయం వాళ్ళకు వెట్టిన."

ఇది మాకెవరికీ తెలియదు. సారు ఆసామి వైపు తిరిగాడు. "నాకు గా సంగతి తెల్వది బావా. తెలుసుకుందామని నీ ఇంటికి సుత రాలే. తప్పుంటే ముందు ఒక్కడే పోయి చెప్పాలెనని పిల్లలకు నేర్పినోణ్ణి, సీదా సభల వెట్టిన."

"వస్తే చాయ్ పోస్తుంటి."

"తిడుతుంటివి."

"తిట్టి పోస్తుంటి."

ఎవరో ఫక్కున నవ్వారు. అయ్యగారు మాత్రం ఈసారి నవ్వలేదు. నేను లేచి మళ్ళీ ప్రశ్న అడిగాను. సారు లేదన్నాడు. ఆసామి చెయ్యి అడ్డం పెట్టాడు. "నాకింక ఉన్నది. బండి ఎక్కు."

అతని బండి వెనక కూర్చుని ఆ ఆదివారాలు పనికొచ్చిన ఇద్దరి ఇళ్ళకూ పోయాను. వాళ్ళు మా సంఘంవాళ్ళు కారు, పద్మశాలీలు. ఆసామి వాకిట్లో నిలబడి, గట్ల బెదిరించుడు నాది తప్పు అన్నాడు. మొదటాయన కంగారుపడి కుర్చీ తెచ్చాడు. రెండో ఆయన తల గోక్కున్నాడు.

"అదంత మంచిగనే ఉన్నది ఆసామీ. రేపు పని ఉన్నదా, లేదా?"

"లేదు."

"గది జెప్పు ముందు," అంది లోపలి నుంచి అతని భార్య.

తిరిగొచ్చి, చర్చి మెట్ల మీద అతని చేతిలో బిళ్ళ పెట్టాను.

మరునాడు పొడుగు బల్ల మీద తెల్లగుడ్డ పరిచాం. మా దగ్గర రొట్టె పళ్ళెం చేతి నుంచి చేతికి పోతుంది, పక్కవాళ్ళు పక్కవాళ్ళకు అందిస్తారు. సారు ఒక చివర, పళ్ళెం అందుకోవడానికి ఆసామి అవతలి చివర నిలబడ్డారు. ఆ దంపతులు సారు వైపే కూర్చున్నారు. ఆమె తను తీసుకుని పళ్ళెం భర్త వైపు చాపింది. పొగాకు రంగు ఆమె వేళ్ళకు అట్లాగే ఉంది. అతను ముక్క తీసుకోకుండా ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. బల్ల అంతా ఆగింది.

సారు వంగి అతని చెవిలో అన్నది నాకు వినపడింది. "తీసుకో కొడుకా. తొందరేం లేదు గని, అవతల మా బావ ఎదురు సూస్తున్నడు."