చెక్క గోడకు నాలుగు వేళ్ల ఎడంలో పొయ్యి

నా మాట మీద నమ్మకం లేకుంటే మా అన్న నన్ను అడగకుండా ఉండాల్సింది. అడిగాడు. నా చేత వారం రోజులు పని చేయించుకుని, దాన్ని పక్కన పడేశాడు. ఏడాది దాటింది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

మాది కడప వైపు. నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో ఇంజనీరింగ్ పిల్లలకు పాఠాలు చెప్తాను. కాంట్రాక్టు ఉద్యోగం. వేడి ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎట్లా పోతుందన్నదే నేను చెప్పే సబ్జెక్టు. అన్నకు క్యాంపస్ దగ్గర్లోనే, తార్నాకలో జిమ్ము ఉంది. అదే బిల్డింగులో కింద అన్నా వదినా కాపురం, వాళ్లతోనే అమ్మ.

పోయిన చలికాలం అన్నకు సౌనా పిచ్చి పట్టింది. చిన్న చెక్క గది, లోపల ఇనుప పొయ్యి, దాని మీద రాళ్లు. కట్టెలు మండించి, రాళ్లు బాగా కాగినాక ఆ వేడికి చెమట పట్టేదాకా కూర్చుంటారు. జిమ్ము పైన మిద్దె మీద కట్టిస్తానన్నాడు. పొయ్యితో పాటు వచ్చిన పుస్తకం నా చేతిలో పెట్టి, "పాపా, నువ్వే డ్రాయింగ్ గీసియ్యాల. బయటోళ్లను నమ్మలేను" అన్నాడు. పొంగిపోయాను. అబద్ధమెందుకు?

క్లాసులు అయిపోయాక స్టాఫ్‌రూములో కూర్చుని గీశాను. పొయ్యికీ చెక్క గోడకూ మధ్య మూరెడు పైనే ఖాళీ ఉండాలి. గోడ ముందు రేకు పెట్టినా, రేకుకూ చెక్కకూ నడుమ గాలి ఆడాలి. పొగగొట్టం కప్పులోంచి పోయేచోట చెక్క తగలకుండా చుట్టూ కాలని దూది కూరి, ఇంకో గొట్టం తొడగాలి. పొయ్యి కిందుగా గాలి రావడానికి కంత. తలుపు బయటికి తెరుచుకోవాలి, గడియ ఉండకూడదు. అన్నీ తెలుగులో రాసిచ్చాను, వెల్డింగ్ ఆయనకు అర్థం కావాలని.

అంతా అయ్యాక ఒక ఆదివారం చూడ్డానికి పోయాను. తలుపు మీద నా డ్రాయింగును లామినేషన్ చేయించి అంటించాడు. జిమ్ముకు వచ్చినోళ్లకు చూపించి, "మా చెల్లెలు యూనివర్సిటీలో ఇంజనీరు, డిజైన్ ఆమెదే" అంటున్నాడు. తలుపు తీసి లోపలికి పోతే పొయ్యి గోడకు నాలుగు వేళ్ల ఎడంలో ఉంది. రేకును చెక్కకే మేకులేసి కొట్టేశారు. గాలి కంతకు పలక అడ్డం పెట్టారు. వెల్డింగ్ ఆయన కూడా అక్కడే ఉన్నాడు.

"ఏందిన్నా ఇది?"

"నీ కొలతల ప్రకారం పెడితే బల్ల మీద ఒక మనిషి తగ్గుతాడు. రేకు కొట్టించినా కదా."

"రేకు చెక్కకు ఆనుకోనుంటే ఏం లాభం? రేకు కాగితే చెక్క కాగదా? ఆ కంత ఎందుకు మూసినావు?"

"చలిగాలి వస్తాందని. వారం నుంచి మండిస్తాండాం. ఏమన్నా అయిందా?"

"ఒక్క రోజులో కాదన్నా. రోజూ వేడి తగిలి చెక్క లోపల్లోపల మాడుతుంది. మాడినాక కొంచెం వేడికే అంటుకుంటుంది."

"క్లాసులో చెప్పుకో ఇవన్నీ. ఈయన ఇరవై ఏండ్ల నుంచి వెల్డింగ్ చేస్తాండాడు."

ఆ వెల్డింగ్ ఆయన తల దించుకుని అన్నాడు, "జర ఎడం పెడ్దామని నేను గూడ చెప్పిన మేడం. సార్ వద్దన్నడు. నేనేం జేయాలె?"

అన్న ఆయన్ను కళ్లతోనే కసిరాడు. నేను తలుపు మీది డ్రాయింగ్ పీకి సంచిలో పెట్టుకున్నాను. "నా పేరు చెప్పి ఎవర్నీ దీంట్లో కూర్చోబెట్టొద్దు" అన్నాను. నవ్వాడు. ఆడపిల్లకు ఇంత కోపం పనికిరాదన్నాడు. కిందికి దిగి, ఆ గదిలోకి పోవద్దని అమ్మకు చెప్పాను. "మోకాళ్లకు హాయిగా ఉందే! వాడు నాకు చెడుపు చేస్తాడా?" అంది అమ్మ. ఇక చెప్పలేక వచ్చేశాను. ఆ రోజే ఆ పొయ్యి విప్పించకుండా వచ్చినందుకు నా మీద నాకూ కోపమే.

రెండు వారాలు తిరక్కముందే, ఒక మధ్యాహ్నం క్యాంపస్‌లో ఉండగా అమ్మ ఫోన్ చేసింది.

"తల దిమ్ముగా ఉందమ్మీ. ఏందో మాడు వాసన. మీ అన్న ఫోన్ ఎత్తలేదు."

"యాడుండావు?"

"ఆ చెక్క గదిలోనే."

"బయటికి రా! ఇప్పుడే! తలుపు తీసే పెట్టు!"

ఆమె మిద్దె మీదికి వచ్చిందని చెప్పేదాకా ఫోన్ పెట్టనివ్వలేదు. వదినకు ఫోన్ చేసి పైకి పొమ్మన్నాను. గేటు దగ్గర ఆటో ఎక్కి తార్నాక చేరేసరికి అమ్మ మిద్దె మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. వదిన నీళ్లు తాగిస్తోంది. రేకు అంచుల్లోంచి సన్నగా పొగ. అన్న అప్పుడే మెట్లెక్కి వచ్చాడు. నిప్పులన్నీ ఇనుప బకెట్లోకి తోడించాను. గోడ మీద నీళ్లు కొట్టాం. చల్లారాక మేకులు పెరికి రేకు ఊడదీశాను.

వెనక చెక్క నల్లగా మాడిపోయి ఉంది. వేలు పెడితే దిగబడింది. అన్న కూడా వేలు పెట్టి చూశాడు. మసి అంటిన వేలు ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఆ తర్వాత అన్నాడు:

"నువ్వు ఇంకొంచెం గట్టిగా చెప్పాల్సింది పాపా."

అప్పుడు అరిచాను. కింద జిమ్ములో వాళ్లంతా వచ్చి మెట్ల మీద నిలబడేటంతగా. "రాసిచ్చినా. గీసిచ్చినా. నీ ముందర నిలబడి చెప్పినా. ఇంకెంత గట్టిగా చెప్పాలన్నా? అమ్మ చచ్చిపోయినాక ఏడ్చి చెప్పాల్నా?" వదిన నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకున్నాను.

అమ్మను ఆస్పత్రికి తీసుకుపోతే, గాలాడక పొగ తలకెక్కిందని, సమయానికి బయటికి తెచ్చారని డాక్టరు అన్నాడు. సాయంత్రానికి అమ్మ తేరుకుంది.

తర్వాత పొయ్యిని మళ్లీ పెట్టించింది నేనే. మూడు రోజులు సెలవు పెట్టి దగ్గరుండి చేయించాను. మాడిన గోడ తీసేసి కొత్త చెక్క వేశారు. పొగగొట్టం పోయే కప్పు దగ్గర కూడా చెక్క వేడికి ముదురు గోధుమ రంగుకు తిరిగి ఉంది, అదీ మార్పించాను. వెల్డింగ్ ఆయన ఒక్క కొలత తప్పకుండా చేశాడు. బల్ల మీద ఒక మనిషి చోటు తగ్గింది. రెండు గంటలు మండించి, రేకు వెనక గోడకు అరచెయ్యి ఆనించి చూశాను. గోరువెచ్చగా ఉంది, అంతే.

ఈ మధ్య అమ్మను చూడ్డానికి పోతే, పైన అన్న ఎవరికో చెప్తున్నాడు: "రేకుకూ చెక్కకూ నడుమ గాలి ఆడాలండీ. చాలామందికి తెలీదు. నేనైతే ఈ విషయంలో అస్సలు రాజీపడను." మెట్ల మీద నిలబడి విన్నాను. నన్ను చూసి, "దా పాపా, టీ తాగిపో" అన్నాడు. పనుందని చెప్పి, కిందికి దిగి అమ్మ దగ్గర కూర్చున్నాను.