గాలి తగ్గిండాది

మా డ్రిల్లు మాస్టారు కామాక్షయ్య గారు లోకంలో అన్నిటినీ నమ్మేవారు, బంతిలో గాలిని తప్ప. ఆట మాంచి పట్టు మీద ఉండగా ఈల ఊది, బంతిని బొటనవేలితో నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, "గాలి తగ్గిండాదిరా అబ్బయ్యా" అనేవారు. పెళ్లి భోజనంలో పూరీ వడ్డించినా ముందు నొక్కి చూసేవారని ఊళ్లో చెప్పుకునేవారు.

అది అరవై రెండో, అరవై మూడో సంవత్సరం. సముద్రానికి కూతవేటు దూరంలో మా హైస్కూలు. బయటి బడులతో ఆడాలంటే బస్సు లేదు గనక మాలో మేమే జట్లు కట్టి వాలీబాల్ పోటీలు పెట్టుకునేవాళ్లం. పెన్న జట్టులో అందరం వరి పండించే ఇళ్ల పిల్లలం, కెప్టెన్ని నేను. స్వర్ణముఖి జట్టంతా సముద్రం మీద వేటకు పోయే ఇళ్లవాళ్లు, కెప్టెన్ ముత్యాలయ్య. వాడు ఎగిరి కొడితే బంతి ఎటు పోయిందో వెతుక్కోవడమే మా పని.

హెడ్మాస్టరు గారి నియమం ఒకటే. ఆట సాగుతుండగా ఎవడు కోర్టు వదిలిపోయినా వాడి జట్టు ఓడినట్టే.

గాలి తగ్గిందంటే మాస్టారు బంతిని చంకన పెట్టుకుని, సైకిలెక్కి, రోడ్డు మీది మస్తానయ్య సైకిల్ షాపుకు గాలి కొట్టించను పోయేవారు. ఆట ఆగిపోయేది. మేం ఇసుకలో పడి దొర్లేవాళ్లం. స్వర్ణముఖి వాళ్లు మంచినీళ్లకని పోయి, నెత్తి నుంచి పాదాల దాకా తడిసి వచ్చేవారు. ఏం దాహంరా దేవుడా అనుకునేవాణ్ణి.

"మేం గెలిచేటప్పుడే మీకు గాలి గుర్తొస్తాదేంది సార్?" అని ఒకసారి అడిగేశాను.

"మెత్త బంతితో గెలిస్తే మీ నాయనే నవ్వుతాడురా" అన్నారు.

ఫైనలు నాటికి హెడ్మాస్టరు గారు గూడూరు నుంచి కొత్త బంతితో పాటు పంపు కూడా తెప్పించారు. దాన్ని ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుని, "ఇవాళ మస్తానయ్యతో పని లేదు కామాక్షయ్య గారూ" అన్నారు. మాస్టారి ముఖం పాలిపోయింది.

ఆఖరి సెట్టు. ఇద్దరం సమానం. సర్వీసు చేయాల్సిన ముత్యాలయ్య బంతి పట్టుకుని సముద్రం వైపు చూస్తూ నిలబడిపోయాడు. దూరంగా తెరచాపలు కనిపిస్తున్నాయి.

"కొట్టరా" అన్నాను.

"పడవలు వస్తుండాయి. నాయన కాలు విరిగి మంచాన పడుండాడు. పడవ లాగేదానికి నేను పోకపోతే మా ఇంటికి చేప రాదు. పోతే మా జట్టు ఓడిపోతాది" అన్నాడు.

వాళ్ల పల్లెలో ఆనవాయితీ అది. పడవను ఒడ్డుకు లాగిన చేతికే వాటా.

అంతలో ఈల మోగింది. మాస్టారు వచ్చి బంతి నొక్కారు. హెడ్మాస్టరు గారు పంపు పైకెత్తి చూపించారు.

"తక్కువ కాదు సార్" అన్నారు మాస్టారు తడుముకుంటూ. "ఎక్కువయ్యిండాది. తీయాల."

"తీయండి మరి."

"నిదానంగా తీయాల సార్. తొందరపడితే లోపలి బ్లాడరు దెబ్బతింటాది."

నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, కూతురి జడ చిక్కు తీస్తున్నంత ఓపిగ్గా బంతి తోలు తాడు విప్పసాగారు. స్వర్ణముఖి జట్టు మంచినీళ్లకు పరుగెత్తింది.

చాలాసేపటికి హెడ్మాస్టరు గారు, "ఇంకా ఎంత ఉందండీ?" అన్నారు.

మాస్టారు బంతి వైపు చూడనే లేదు. "ఇంకొక్క పడవ సార్" అన్నారు. అని, నాలుక కరుచుకున్నారు.

అందరం అటు తిరిగాం. ఒడ్డున మా బడి నిక్కర్లు వరసగా పడవ లాగుతున్నాయి. ఇన్నాళ్లూ వీళ్లు మంచినీళ్లు ఎక్కడ తాగుతున్నారో అప్పుడు తెలిసింది నాకు. మాస్టారి మీద ఎక్కడలేని ప్రేమ పొంగుకొచ్చింది.

హెడ్మాస్టరు గారు పంపును కుర్చీ కింద పెట్టేశారు. "నిదానంగానే తీయండి. బ్లాడరు జాగ్రత్త" అన్నారు.

నేను మావాళ్ల వైపు తిరిగి, "మనకూ దాహంగా ఉండాది, రండ్రా" అన్నాను. అందరం ఒడ్డుకు పరుగెత్తి ఆఖరి పడవకు చేయి వేశాం.

చీకటి పడేలోగా ఆట ముగిసింది. మేమే ఓడాం. ఇంటికి పోయేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి, "కప్పు తెస్తానంటివే, ఏదిరా?" అంది. నా వాటాకు వచ్చిన కానాగంత చేపను చేతిలో పెట్టాను.

అమ్మ దాన్ని బొటనవేలితో నొక్కి చూసి, "గట్టిగానే ఉండాది" అంది.