నాలుక కింద రాయి

నేను పెళ్లయి నిడుగల్లు దగ్గరి పల్లెకు వచ్చిన ఏడాది వానలు సరిగా లేవు. అయినా విత్తనానికి చెనక్కాయలు ఒలవక తప్పదు. ఒక మధ్యాహ్నం మా అత్త పంచలో ఆడవాళ్లమంతా కాయలు ఒలుస్తుంటే, ఎవరో ఉప్పద్దిన చింతపండు తలా కొంచెం పెట్టారు. నోట్లో వేసుకున్నానో లేదో, నా కుడి దవడ కింద నిమ్మకాయంత వాపు లేచింది. అందరి చేతులూ ఆగిపోయాయి.

"గవదబిళ్లలేమో. పిల్లోళ్లను ఈపక్కకు పిల్చుకోండప్పా," అందొకామె.

కాసేపటికి వాపు తగ్గింది. సంగటి ముందు కూర్చోగానే మళ్లీ వచ్చింది. ఆ తర్వాత రోజూ అంతే. దవడ ఎవరికీ కనబడకుండా కొంగు తల మీదికి లాక్కుని, గోడవైపు తిరిగి నాలుగు ముద్దలు తిని లేచేదాన్ని.

"మా ఇంటి తిండి గొంతు దిగేలేదు ఈయమ్మకు," అని అత్త పక్కింటామెతో అనడం విన్నాను. కొత్త కోడలికి రోగముందని ఊరంతా అనుకుంటారని, నిజం చెప్పడానికి నోరు రాలేదు.

చివరికి వాపు తగ్గకుండా జ్వరం వచ్చింది. అత్త నా గడ్డం పైకెత్తి చూసి, నన్ను వెంటబెట్టుకుని పావగడ ఆస్పత్రికి బస్సెక్కింది.

డాక్టరు నాలుక కింద వేలితో తడిమాడు.

"ఎంగిలి ఊరే గొట్టంలో రాయి అడ్డం పడిందమ్మా. తినేటప్పుడు ఊరిన ఎంగిలికి దారిలేక వాస్తాది."

మాత్రలిచ్చి, జ్వరం తగ్గాక రమ్మన్నాడు. రెండోసారి అత్తతో వెళ్లినప్పుడు మత్తుసూది వేసి, నాలుక కింద చిన్నగా కోశాడు. నిలిచిన ఎంగిలి ఒక్కసారిగా ఆయన చొక్కా మీదికి చిమ్మింది. వెనకే జొన్నగింజంత పసుపు రాయి బయటపడింది. నేను సిగ్గుతో కుంచించుకుపోయాను. ఆయన మాత్రం చొక్కా తుడుచుకుంటూ, "నీళ్లు తక్కువ తాగినా ఇట్లొస్తాది. బాగా తాగల్ల," అన్నాడు.

అత్త తల వంచుకుంది. బోరు ఎండిపోయి, దూరం నుంచి మోసుకొచ్చే తాగునీళ్లను మా ఇంట్లో ఆమే చూసి చూసి పోసేది.

బస్టాండులో అంగడివాణ్ణి అడిగి చెంబుతో నీళ్లు తెచ్చింది.

"తాగు మే. వాపు రోజూ వస్తాదని నాతో చెప్పొచ్చు గదా."

"సిగ్గయింది అత్తా."

మొద్దుబారిన పెదవుల నుంచి నీళ్లు కారి రవిక తడిసింది. బస్సు కోసం నిలబడ్డ జనం చూస్తున్నారు. అత్త తన కొంగుతో నా గడ్డం తుడుస్తూ, "నాకూ సిగ్గుగానే ఉండాది," అంది.

బస్సు వచ్చేదాకా ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.