చిన్నాయన ఎడమచెయ్యి

మొన్న మా అన్న కొడుకు నా పాత కంప్యూటర్‌లోని డప్పు రికార్డింగును ఫోన్‌లోకి ఎక్కించుకుని విని, "అత్తా, ఎనక మంట చిటపట బాగ ఇనొస్తుంది, ఒక్క మీటతోని సాఫ్ జేస్త" అన్నాడు. దాన్ని ముట్టుకుంటే ఊరుకునేది లేదన్నాను. పాపం, వాడు మేలు చేద్దామనే అన్నాడు, నాకే ఒళ్లు మండింది. ఎందుకు మండిందో మన ఈడు వాళ్లకైతే చెప్పుకోవచ్చు.

రాష్ట్రం కోసం కొట్లాడిన రోజుల్లో సిద్దిపేటలో నాకొక చిన్న డీటీపీ సెంటర్ ఉండేది, పగలంతా దీక్షా శిబిరాల కరపత్రాలు టైపు చెయ్యడమే పని. మా నాయిన తమ్ముడు, మా చిన్నాయన, చిన్నకోడూరులో డప్పు కొట్టేవాడు. శిబిరం పాటకు ఆయన డప్పే కావాలని పాడేవాళ్లు పట్నం తీసుకుపోతే, అక్కడి రికార్డింగు ఆయన ఒక్క దెబ్బ విని, ఇది శవం ముందర కొట్టేది, మైకుకు పనికిరాదు, కీబోర్డులో ఇంతకన్నా మంచి డప్పు ఉందని పంపించేశాడట. చిన్నాయన ఆ తర్వాత డప్పును గోడ మేకు మీది నుంచి దించనే లేదని చిన్నమ్మ చెబితే నాకు తిక్క రేగింది. మన రాష్ట్రం మనకు కావాలనే పాటలో మన డప్పుకే జాగ లేదా!

ఇంటర్నెట్‌లో ఊరికే దొరికే రికార్డింగు సాఫ్ట్‌వేర్ ఒకటి దింపుకున్నాను. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఎవరినీ అడగనక్కర్లేదని అందులో రాసి ఉండడం నాకు భలే నచ్చింది. ఆ ఆదివారమే కంప్యూటర్‌ను ఆటోలో పెట్టుకుని చిన్నాయన ఇంటికి పోయి, బతిమాలి డప్పు దింపించి, చప్పుడు మార్మోగకుండా గోడలకు బొంతలు కట్టి గదిలో కొట్టిస్తే, పాట సగానికి రాకముందే డప్పు చల్లబడి గొంతు మెత్తబడింది. మంట దగ్గర కాస్తూ ఉంటేనే ఆ తోలు పలుకుతుంది. చివరికి మైకును పెరట్లోకి తెచ్చి మంట పక్కనే కొట్టించాను. బ్రహ్మాండంగా వచ్చింది, చిటపట కూడా వచ్చింది. పట్నం ఆయన వంక పెట్టకూడదని, మంట చప్పుడు ఒక్కటే ఉన్న ముక్కను సాఫ్ట్‌వేర్‌కు చూపించి, ఇలాంటిదంతా తీసెయ్యమన్నాను. శుభ్రమైపోయింది. గర్వంగా వినిపించాను.

చిన్నాయన కళ్లు మూసుకుని విన్నాడు. "కుడిచెయ్యి నాదే. ఎడమచెయ్యి ఏది బిడ్డా?" అన్నాడు. కుడిచేతి లావు కర్ర దెబ్బ మిగిలింది గాని, ఎడమచేతి సన్నపుల్ల పలుకు కూడా చిటపటలాంటిదే కాబట్టి మంటతో పాటే పోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. పట్నంలో ఆయనను మొత్తంగా వద్దన్నారు, నేను సగం వద్దన్నాను, అంతే తేడా.

మొదటిదే ఉంచి, పాడేవాళ్ల గొంతులు దాని మీదనే చేర్చాను. రెండు రోజులకు ఆ పాట చిటపటతో సహా ఆటో మైకులో సిద్దిపేట బజారంతా తిరిగి శిబిరానికి వచ్చింది. జనం లేచి అడుగులేస్తుంటే చిన్నాయన ఒక పక్కన నిలబడి, ఎడమచేతి వేళ్లతో తొడ మీద వాయించుకుంటూ, "ఇనొస్తుందే బిడ్డా" అని నవ్వాడు.

రాష్ట్రం వచ్చింది, చిన్నాయన పోయాడు. ఇప్పటి డప్పులకు తోలు బదులు ప్లాస్టిక్ మూత, బిగించడానికి బోల్టులు, కాచే పనే లేదు. వానకు తడిసినా పాడుకావు కాబట్టి కొట్టే పిల్లలను తప్పు పట్టను. కానీ ఆ రికార్డింగును ఎవరూ బాగు చెయ్యనక్కర్లేదు. చిటపట అడ్డమనుకునేవాళ్లు చెవులు మూసుకోవచ్చు. ఆ మంట వినిపించినన్నాళ్లే మా చిన్నాయన రెండు చేతులూ వినిపిస్తాయి.