పదికి నాలుగు మార్కులు

స్వయం ఉపాధి శిక్షణ కేంద్రంలో ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా నన్ను కళ్యాణదుర్గం నుంచి పెనుకొండ వైపు మార్చింది ఒక ఆగస్టు నెలలో. వేరుశనగ అప్పటికే ఎండుముఖం పట్టింది. చదివింది ఇంటర్ వరకే అయినా, పట్టికలు వేయడం, సగటు తీయడం సొంతంగా నేర్చుకున్నాను. అందుకని దరఖాస్తుల మార్కుల పని ఎక్కడికి పోయినా నా మీదే పడేది.

ఆ విడత శిక్షణ పట్టుచీరల తయారీ, అమ్మకం మీద. సీట్లు ముప్పై. శిక్షణ పూర్తి చేసినవారికి సొంత మగ్గం కోసం బ్యాంకుకు సిఫారసు పత్రం వస్తుంది. ఇంటర్వ్యూ ఫారంలో ఆరో గడి ఆత్మవిశ్వాసానిది. 'సొంతంగా వ్యాపారం నడపగల శక్తి మీకు పదికి ఎంత?' అని అడిగి, వాళ్లు చెప్పిన అంకె రాయాలి. అయిదు లోపు వస్తే ఆ పేరును పక్కన పెట్టాలి. ఇది నిబంధన.

గోరంట్ల నుంచి వచ్చిన ఒకాయన ప్రశ్న పూర్తి కాకముందే, "పదికి పదేసుకో సార్. దానికేముంది?" అన్నాడు. ఆయన అంతవరకు మగ్గం ముట్టినవాడు కాదు. సోమందేపల్లె నారాయణమ్మ మాత్రం కొంతసేపు వేళ్లు మడుచుకుంటూ కూర్చుని "నాలుగు" అంది. నాలుగే రాశాను. ఇరవై ఎనిమిది మంది ఎంపికయ్యారు. నారాయణమ్మతో కలిపి ఏడుగురు ఆ గడిలోనే ఆగిపోయారు.

ఎంపికైనవారి ఇళ్లకు వెళ్లి చూసి రావడం తర్వాతి పని. సోమందేపల్లెలో ఒక నేతగాడి ఇంటికి వెళ్తే, మగ్గం వెనక నారాయణమ్మే కనిపించింది. ఇద్దరు ఆడవాళ్లను అటూ ఇటూ కూర్చోబెట్టుకుని వార్పు అతుకుతోంది. వార్పు అంటే చీర నిలువు పోగులు. పాతది అయిపోవచ్చినప్పుడు, దాని కొసలకు కొత్త వార్పు పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి కలపాలి. వేల పోగులు. వేళ్లు జారకుండా పక్కన బూడిద పెట్టుకుంటారు.

తలెత్తకుండానే పలకరించింది. "ఏమప్పా, నన్ను తీసేసినావంట?"

మార్కులు వేసుకుంది నువ్వే కదమ్మా అన్నాను.

"నాలుగే కదన్నా వచ్చేది? పది వార్పులొస్తే నాలుగు నేనొక్కదాన్నే అతుకుతా. ఆరింటికి ఇంకిద్దరు కూచోవల్ల. లేంది ఉండాదని యెట్ల చెప్పేది?"

పక్కనున్నామె నవ్వింది. "మమ్మల్ని పిల్చుకొచ్చేది ఈమే సార్. ఆలిశమైతే తిట్టేది గూడా ఈమే."

ఒప్పుకున్న రోజుకు పదిలో ఎన్ని పూర్తవుతాయని అడిగాను.

"పదీ అయితాయి. కాకుంటే మల్ల యెవురు పిలుస్తారు? నువ్వు ఆ మాట అడగల్యా కదా."

ఇంటి యజమాని అవునన్నట్టు తలూపాడు. పని ఒప్పుకోవడం, మనుషుల్ని కూర్చుకోవడం, చెప్పిన రోజుకు అప్పగించడం అన్నీ ఆమే చేస్తోంది. మా ఫారం వెతుకుతున్నది సరిగ్గా అదే. మిగతావాళ్లు ధైర్యం కొద్దీ అంకె చెప్పారు, ఈమె లెక్కపెట్టి చెప్పింది. లెక్కలవాణ్ణని పేరున్న నేను రెండింటినీ ఒకే గడిలో రాసి పోల్చాను.

జాబితా మర్నాడు పైకి పోవాలి. డైరెక్టర్ గారికి విషయం చెప్పాను. సంతకమైన మార్కులు దిద్దడం కుదరదన్నారు. ప్రశ్న సరిగా అడగలేదని నేనే రాసిస్తే, ఒక్కరిని కాదు, ఆగిపోయిన ఏడుగురినీ మళ్లీ పిలవవచ్చన్నారు. ఆ కాగితం నా ఫైల్లో ఉంటుందని కూడా చెప్పారు. నాది ఏటా పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. కొంచెం తటపటాయించి, రాసిచ్చాను. ఆయన దాన్ని నా మీద వాడలేదు. ఆ ఏడాది కాంట్రాక్టు ఎప్పటిలాగే పొడిగించారు. అందుకు ఆయనకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

ఏడుగురినీ పిలిచి, అంకె ఎలా వచ్చిందో అడిగాను. ఖాళీగా ఉన్న రెండు సీట్లలో ఒకటి నారాయణమ్మకు వచ్చింది.

శిక్షణ చివరి రోజున అదే ప్రశ్న మళ్లీ అడగాలి. దాదాపు అందరూ పది చెప్పారు. నారాయణమ్మ వేళ్లు మడిచి "అయిదు" అంది. పెరిగిన ఆ ఒక్కటి ఏమిటని అడిగాను.

"చీర అమ్మేది నేర్చుకుంటి కదన్నా. మిగతావి మగ్గం వచ్చినాక చూస్తాం."

సిఫారసు పత్రంలో ఆ అయిదునే రాసి, అది ఎలా వచ్చిందో కింద రెండు వాక్యాలు చేర్చాను. మగ్గం మంజూరైంది. స్వచ్ఛందంగా ఉద్యోగం మానుకునే దాకా, ప్రతి ఫారంలో ఆరో గడి పక్కన నా చేత్తో ఇంకో గడి గీసుకున్నాను. మనిషి తన గురించి ఒక అంకె చెప్పినప్పుడు, అది పెద్దదా చిన్నదా అని చూసే ముందు, దేన్ని లెక్కపెట్టి చెప్పారో అడగాలి. ఈ పద్ధతి నేను ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు. సోమందేపల్లెలో ఒక మగ్గం వెనక నేర్చుకున్నాను.