ఇమాం పాషా చుక్క చెరిపిన నిఖత్

కాజీపేటలో గ్యాస్ పొయ్యిలు, గీజర్లు బాగుచేసే నిఖత్‌కి ఓ అలవాటుంది. కొత్త సామాను డబ్బా విప్పితే లోపలి కాగితం మొత్తం చదివేస్తుంది. ఆమె పనిచేసే దుకాణం ఇమాం పాషాది. ఆయనకి ఆ కాగితాలు చేతుల జిడ్డు తుడుచుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావు. పద్నాలుగేళ్లు ఆయన దగ్గరే పని నేర్చుకున్న నిఖత్ ఉస్తాద్‌కి ఎదురు చెప్పేది కాదు. జిడ్డు అంటకముందే చదివి, మడిచి దాచుకునేది.

ఉస్తాద్ ఒక హీటర్‌లో గ్యాస్ ప్రెషర్ సరిచేశాడంటే, దాన్ని తిప్పే స్క్రూ మీద ఎర్ర రంగు చుక్క పెడతాడు. చుక్క పడ్డాక దాన్ని ఎవరూ ముట్టకూడదు. ముట్టినవాణ్ని మళ్లీ ఆ దుకాణం గడప తొక్కనివ్వడు. ఊళ్లో గ్యాస్ పనివాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది.

వరంగల్‌లో టోకు వ్యాపారం చేసే కిషన్ రావు ఊటీలో గెస్ట్‌హౌస్ కొన్నాడు. ఆరు గదుల్ని వెచ్చబరచడానికి ఆరు గ్యాస్ హీటర్లు తెప్పించి, కాజీపేటలోనే ఉస్తాద్ చేత సరిచేయించాడు. ఆరింటిలోనూ నీలం మంట ముచ్చటగా వెలిగింది, ఆరింటి మీదా చుక్కలు పడ్డాయి. గోడలకి బిగించి రావడానికి ఉస్తాద్ నిఖత్‌ని కిషన్ రావు వెంట పంపాడు.

ఊటీలో మొదటి హీటర్ వెలిగించగానే మంట పసుపురంగులో పొడుగ్గా ఊగింది. కాసేపటికే గాజు మీద మసి పట్టింది. ఆమెకి తల బరువెక్కింది. వెంటనే ఆపేసి కిటికీలు బార్లా తీసింది. తక్కిన ఐదూ అంతే.

“మంట సాల్తలేదు, ఇంకింత గ్యాస్ వెట్టు బిడ్డా,” అన్నాడు కిషన్ రావు. “పొద్దూకె మంది దిగుతాండ్లు. ఒకామెకు సంటిపిల్ల గూడ ఉన్నది.”

“పెంచుడు కాదు సేటు, తగ్గించాలె. ఇది ఏడు వేల అడుగుల ఎత్తు, గాలి పల్చగున్నది. గ్యాస్ మాత్రం వరంగల్ల వచ్చినంతే వస్తాంది. అది మంచిగ కాలకపోతే విషమైతది, వాసన గూడ రాదు. పండుకున్నోళ్లు లేవరు.”

చలి ఎక్కువున్న చోట మంట తగ్గించమనే మెకానిక్‌ని ఏ వ్యాపారి నమ్ముతాడు? కిషన్ రావు ఇమాం పాషాకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

“నేను పెట్టింది తప్పంటాన్నవా?” అన్నాడు ఉస్తాద్.

“వరంగల్‌కు కరెక్టే ఉస్తాద్. ఈడికే కాదు. ఏ ఎత్తుకు ఎంత ప్రెషరో డబ్బాల కాగితం మీద రాసున్నది. నీళ్ల గొట్టంల మనకాడ ఇరవై ఐదు సెంటీమీటర్లు, ఈడ పదిహేడు.”

“కాగితం నాకు నేర్పుతదా? చుక్క ముట్టినవంటే మల్ల దుకాణం మొఖం చూడకు.”

ఫోన్ పెట్టేశాడు. నిఖత్‌కి కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ దుకాణం తప్ప ఆమెకి వేరే బతుకుదెరువు లేదు. అది ఆయనకీ తెలుసు.

“ఇన్నవు కదా. ఇగ ముట్టకు,” అంటూ కిషన్ రావు హీటర్‌కి అడ్డంగా నిలబడ్డాడు.

“ముట్టద్దంటే ముట్ట. గీ రాత్రి మీ మనవరాలు సింధును ఈ రూముల పండవెడ్తరా సేటు?”

కిషన్ రావు హీటర్ వంక చూసి, పక్కకి జరిగాడు.

నిఖత్ ఎర్ర చుక్కని గోటితో గీకేసింది. వంపు తిప్పిన ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు పోసి, ఒక కొస హీటర్‌కి తగిలించింది. గొట్టం రెండు వైపులా నీళ్ల మట్టాల తేడాయే ప్రెషర్ లెక్క. పక్కన స్కేలు పెట్టి, స్క్రూ కొద్దికొద్దిగా తిప్పుతూ ఇరవై ఐదు నుంచి పదిహేడుకి దించింది. మంట పొట్టిగా, నీలంగా నిలబడింది. సాయంత్రానికి ఆరూ అయిపోయాయి.

“వేడి జర తక్కువుంటది. ఇంకో రగ్గు ఇయ్యుండ్రి. కిటికీ పైరెక్క మాత్రం ముయ్యనియ్యకుండ్రి,” అని కిషన్ రావుకి గట్టిగా చెప్పింది. తర్వాత తనే ఉస్తాద్‌కి ఫోన్ చేసి, “ఆరు చుక్కలు గీకిన,” అంది. ఈసారి ఫోన్ ఆమే ముందు పెట్టేసింది.

ఉద్యోగం పోయింది. తిరిగొచ్చిన వారానికి ఉస్తాద్ దుకాణానికి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి ఇవతల, రేకుల కింద బల్ల వేసుకుని కూర్చుంది. ఇంకెక్కడా చోటు దొరకలేదా అని అందరూ అడిగారు. దొరికింది, అయినా ఇక్కడే కూర్చుంటానంది. కొన్ని నెలలు పొయ్యిల రిపేర్లతోనే గడిచాయి.

మొన్న చలికాలంలో భాస్కర్ అనే కాంట్రాక్టర్ ఉస్తాద్ దుకాణం మెట్లు దిగి, రోడ్డు దాటి ఆమె దగ్గరికొచ్చాడు. కొడైకెనాల్‌లో కాటేజీలకి హీటర్లు పెట్టించాలట.

“పెద్దాయన నీ కాడికే పొమ్మన్నడక్కా.”

“ఏమని చెప్పిండు?”

భాస్కర్ కొంచెం నసిగాడు. “కొండ మీది పనైతే గామె కాడికి పో అన్నడు. ఎవ్వల మాట ఇనది అన్నడు.”

నిఖత్ రోడ్డు అవతలికి చూసింది. ఉస్తాద్ ఏదో పొయ్యి మీదికి తల వంచుకుని ఉన్నాడు.

“ఇనను,” అంది, అవతలికి వినపడేటంత గట్టిగా. “కాటేజీలు కొండ మీద ఎంత ఎత్తుల ఉన్నయో చెప్పు.”