ఖాసిమన్న అనని మాట

నేను ఏడో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ని. అయినా పెనుకొండ దిక్కున ఏ జంతువు ఏ బండగుండు కింద పడుకుంటుందో నన్నడగండి. ఒకసారి ఎలుగ్గొడ్డు నాకు ఎదురొచ్చి, నన్ను చూసి సిగ్గుపడి పక్కకు తప్పుకుంది. ఇందులో సగం తీసేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఖాసిమన్న సంగతిలో మాత్రం ఒక్క మాట కూడా తీసెయ్యొద్దు.

ఖాసిమన్నది రొద్దం దగ్గర మా ఊరే. మూడెకరాల వేరుశనగ చేను. దానికి ఒక పక్క గుండ్ల కొండ, ఇంకో పక్క చెరువు. అరవై దాటిన మనిషి. ఇన్నేళ్లలో ఒక్క జంతువు పేరు మాత్రం ఆయన నోట రాలేదు. బురదలో పొర్లే ఆ జంతువు పేరు నోటికి రానివ్వొద్దని చిన్నప్పుడు వాళ్లమ్మ చెప్పింది. తప్పనిసరైతే ‘నల్లోడు’ అనేవాడు.

చిక్కల్లా అక్కడే వచ్చింది. మా గొర్రెల కాపరులు కొండమీద ఎలుగ్గొడ్డు పేరెత్తరు. పేరు వింటే వచ్చేస్తుందని భయం. వాళ్లు దాన్నీ నల్లోడనే అంటారు.

ఆ ఏడు కాలువ నీళ్లతో చెరువు నిండింది. కాయ ఊరే వేళకు ఖాసిమన్న చేను ఒక మూల దున్నేసినట్టు తయారైంది.

“నల్లోళ్లు పడినారప్పా” అన్నాడు పక్క చేను గోవిందప్పతో.

గోవిందప్ప పాపం మంచికే పోయాడు. ఖాసిమన్న పేరు మీద అర్జీ తనే రాసి, వేలిముద్ర వేయించి పంపాడు. అందులో ‘ఎలుగుబంట్లు’ అని రాశాడు. వారానికి ఫారెస్టు జీపు, దాని వెనక ట్రాక్టరు మీద ఇనప బోను వచ్చాయి.

బోనును కొండ మొదట్లో దింపుతున్నారని వినగానే ఖాసిమన్న చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తాడు. ఆ కొండమీద పిల్లల తల్లి ఎలుగ్గొడ్డు ఉంది. సీతాఫలాల కోతకు పోయినప్పుడు రెండు పిల్లల్ని వీపు మీదెక్కించుకుని పోతుంటే ఆయన కళ్లారా చూశాడు. కింది చెట్ల కాయలు మనవి, గుండ్ల దగ్గరి కాయలు దానివి అని ఏటా పైచెట్లు ముట్టకుండా దిగొస్తాడు. తల్లి బోనులో పడితే పిల్లలు బతకవు.

“మేడం, ఈడ బోను వద్దు” అన్నాడు రొప్పుతూ.

బీటు ఆఫీసరు కల్పన కాగితం చూసింది. “అర్జీ మీదే కదా?”

“నాదే. నల్లోళ్లంటే ఈ నల్లోడు కాదు మేడం.”

“మీ ఊళ్లో ఎన్ని రకాల నల్లోళ్లున్నారు?”

చేరినవాళ్లంతా నా వైపు చూసి నవ్వారు. నా రంగు అలాంటిది.

ఖాసిమన్న నవ్వలేదు. “కొండ చూడండి. ఎలుగ్గొడ్డుకు గుండ్ల సందులో సల్లదనం కావల్ల, తినేదానికి చెదలు, పండ్లు కావల్ల. అన్నీ ఆడనే ఉండాయి. చెరువుకాడికి దానికేం పని? ఎండిన చెరువులో ముందు జింకలు మేస్తాండె. వాటికి దూరం కానరావల్ల, బయలు కావల్ల. కంప మొలిసినాంక మెట్ట దిక్కు పోయినాయి. ఇప్పుడు కంపతో పాటు బురద గూడా వచ్చె. కంప, బురద ఉండేతావుకు దిగేది ఒగటే. రాండి, గిట్టల గుర్తులు సూపిస్తా.”

“చూస్తాను. ముందు ఏ జంతువో చెప్పండి. అర్జీ మీ పేరు మీద ఉంది. జంతువు పేరు మార్చి రాసుకోకుండా బోను వెనక్కి పంపలేను.”

ఖాసిమన్న నోరు తెరిచాడు. మూశాడు. గోవిందప్ప తలొంచుకుని కాలితో మట్టి గెలుకుతున్నాడు.

“నేను చెప్తా మేడం” అని ముందుకొచ్చాను.

“నువ్వూరుకోబ్బా” అన్నాడు గోవిందప్ప. “నిన్ను సూసి ఎలుగ్గొడ్డు సిగ్గుపడిందంటివే. నీ మాట ఎవురు రాసుకుంటారు?”

నా జన్మలో మొదటిసారి నిజం చెప్పబోతే ఇదీ గతి.

కూలీలు బోను తలుపు ఎత్తి కట్టడం మొదలుపెట్టారు. ఖాసిమన్న కొండ వైపు ఒకసారి చూశాడు. భుజం మీది తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

“పంది” అన్నాడు. “అడివిపంది మేడం.”

కల్పన రాసుకుంది. చెరువు దాకా నడిచి, బురదలో గిట్టల గుర్తులకు ఫోటోలు తీసుకుంది. మధ్యాహ్నానికి బోను ఖాళీగానే ట్రాక్టరెక్కింది.

ఖాసిమన్న ఇల్లు చేరేలోపే కబురు చేరిపోయింది. ఆయన భార్య జమీలాబీ గడపలో చెంబుతో నిలబడి ఉంది.

“అంటివంట?”

“అంటి.”

“ఎన్ని సార్లు?”

“రెండు సార్లు. ఒగసారంటే ఆయమ్మకు ఏ పందో తెలీదు గదా.”

జమీలాబీ నవ్వు ఆపుకుంది. “ఇప్పుడు నా ముందర గూడా అంటివి. మూడు.” చెంబు అందించింది. “బాగా పుక్కిలించు. సంగటి సల్లారిపోతాండాది.”